ఇర్రులు మేసిన చెలక

మొన్న మా మనుమరాలి సంబంధం మాట్లాడను సిద్దిపేటల ఒకరింటికి పోయినం. బట్టల దుకాణమోళ్లు, మంచోళ్లే. నన్ను పెద్దదాన్నని ఫ్యాన్ కింద కూసోబెట్టి, ముందల మిఠాయి పల్లెం పెట్టిన్రు. తలకాయ ఎత్తి చూస్తె ఎదురుంగ గోడకు ఒక జత కొమ్ములున్నయి. పిడికెడు పుర్రె ఎముకకెల్లి లేచి, సుడులు తిరుక్కుంట, కొనదేరి మీదికి పోయిన కొమ్ములు. ఒక కొమ్ముకు ఆ ఇంటి పిలగాడు బండి తాళంచెవి తగిలించిండు. ఇంకో కొమ్ముకు ఎండిపోయిన పూలదండ వేలాడుతున్నది.

“అవేంది అమ్మమ్మా, ప్లాస్టిక్‌వా?” అని చెవుల అడిగింది మనుమరాలు.

ఆ ఇంటాయన విని నవ్విండు. “అసల్‌వే బిడ్డా. మా తాత ఎక్కడనో తెచ్చిండట. జింకవో, ఏందో మరి.”

“ఇర్రివి,” అన్న నేను.

ఆయనకు సమజ్ కాలే. తలకాయ ఊపి, మల్ల పెట్టుపోతల మాటల్ల పడ్డడు. మిఠాయి నా చేతిలనే ఉండిపోయింది. అందరు మాట్లాడుకుంటనే ఉన్నరు గని, నాకు ఒక్క మాట చెవిన పడలే. ముక్కుకు ఎప్పటిదో వాసన తగిలింది. ఎండిన గడ్డి, మంచు, తాత పొగాకు, కాల్చిన జొన్న కంకి.

మాది చిన్నకోడూరు దిక్కు ఒక పల్లె. ఊరి కింద చెరువు, చెరువు కింద దొర పొలాలు. ఊరి ఎగువకు మా అసుంటోళ్ల ఎర్రచెలకలు. ఆ చెలకలు దాటితె ఇగ బీడు. కన్ను ఆనినంత దూరం గడ్డి, నడుమ నడుమ రేగు పొదలు, తంగేడు చెట్లు. ఆ బీడు ఎవరిదని అడిగితె పెద్దోళ్లు దొరదనేటోళ్లు. నాకు మాత్రం అది ఇర్రులదే అనిపించేది. వానలు పడ్డంక పొద్దుగాల ఆడ నిలవడితె గడ్డిల నుంచి ఆవిరి లేచేది. ఆ ఆవిరిల అవి తలకాయలు వంచుకొని మేస్తుండె. గోధుమ రంగు లేళ్లు, వాటికి కొమ్ములుండయి. వాటి నడుమ నల్లగ నిగనిగలాడుకుంట ఒక మగది. దాన్నే ఇర్రి అంటం. వీపు కాటుక నలుపు, పొట్ట పాల తెలుపు, కండ్ల సుట్టు తెల్లటి గీత. తలకాయ ఎనుకకు వాల్చి నడుస్తుంటె ఆ కొమ్ములు వీపుకు తాకుతయా అన్నట్టుండేది.

జొన్న మొలకెత్తినకాడికెల్లి కోతదాక మా తాత చేన్లనే ఉండేటోడు. నాలుగు గుంజలు పాతి మంచె కట్టుకొని, వడిసెల చేతిల పట్టుకొని కూసునేటోడు. పొద్దుగాల సద్ది నేనే పట్టుకపోయేది. గటక ముద్ద, మీద మజ్జిగ, నంజుకోను ఉల్లిగడ్డ. నేను మంచె ఎక్కి కూసుంటె తాత తన ముద్దల సగం నాకే పెట్టేటోడు. ఇంట్ల తిన్న గటక వేరు, మంచె మీద తిన్న గటక వేరు.

ఇర్రులు చేన్లకు దిగంగనే తాత “హోయ్” అని వడిసెల తిప్పి రాయి ఇడిసేది. ఆ రాయి పోయి వాటికి జానెడు దూరంల దుమ్ము లేపేది. ఒక్కనాడు ఒక్కదానికి తాకంగ చూడలే నేను.

“నీకు గురి లేదు తాతా,” అని ఎక్కిరించేది నేను.

“గురి ఉన్నది గన్కనే తాకుతలేదే పిచ్చిదానా,” అనేటోడు.

మా బాపుకు ఇది గిట్టకపోయేది. చేను దున్నేది బాపు, కలుపు తీసేది నన్ను కన్న అవ్వ. దొర గడికి కొలవంగ మిగిలిన జొన్నలతోని మేం ఎండకాలం ఎల్లదీయాలె. “అవి మేసింది మల్ల మొలుస్తదా? ఆయనకు అవే మనుమలు, మనుమరాండ్లు అయిపోయినయి,” అని బాపు గులిగేటోడు. గడికి పట్నం కెల్లి మెహమాన్లు వచ్చి బీట్ల తుపాకి పేల్చినప్పుడు బాపు మొకం ఇచ్చుకునేది. “మంచిగైంది, రెండు పీడలు పోయినయి,” అనేటోడు.

తాత మాత్రం ఆ సప్పుడు వినంగనే వడిసెల పక్కన పెట్టేటోడు. “నా చిన్నప్పుడు వీటి మంద లేసిందంటె దుమ్ము లేచేది బిడ్డా. గాలిదుమారం వచ్చిందని మా అవ్వ దండెం మీది బట్టలు తీసుకొని ఇంట్లకు ఉరికేది. ఇప్పుడేది దుమ్ము?” అనేటోడు. నాకది నమ్మబుద్ధి కాకపోయేది. నా కండ్లకు అవి మస్తుగనే కనపడేటియి.

పెద్ద లడాయి నడుస్తున్న రోజులు అవి. నాకు పాలపండ్లు ఊడుతుండె. ఒకనాడు మేమంత చెలకల ఉలువ పీకుతుంటె అవ్వ నడుమ ఇరిసినట్టు ఆగిపోయింది. కాళ్ల ముందట, తీగల కింద, నేలకు అతుక్కొని ఒక లేడి పిల్ల పండుకున్నది. చెవులు వీపుకు అంటుకొని, మెడ నేలకు చాపి, ఊపిరి కూడ తీసుకుంటలేదన్నట్టు ఉన్నది. కండ్లు మాత్రం మమ్మల్నే చూస్తున్నయి.

“ముట్టకున్రి,” అన్నడు తాత. “తల్లి దాపెట్టి పోయింది. పొద్దుగూకంగ వస్తది.”

మేము ఆ జాగ వదిలిపెట్టి ఇంటికి వచ్చినం. తెల్లారి పోతె అది ఆడనే ఉన్నది. కండ్ల కొసలకు చీమలు పట్టినయి. తాత ఇంకా చూద్దామన్నడు. అప్పుడు అవ్వ చెప్పింది.

“దాని తల్లి రాదు మామా. మొన్న గడిల వాకిలి ఊడ్వను పోయిన గదా, దొడ్డి ఎనుక లేడి తోలు ఒలుస్తుండె. పొదుగుల పాలున్నయి. కత్తి ఆనంగనే కారినయి.”

తాత కిందికి వంగిండు. తలపాగ ఇప్పి, దాంట్ల పిల్లను సుట్టుకొని ఇంటికి తెచ్చిండు. బాపు చూసి, “ఇదొకటి తక్కువుండె,” అన్నడు గని ఆ మాపటికి పక్కింట్ల నుంచి మేకపాలు అడుక్కొచ్చింది ఆయననే. పాత గుడ్డ వత్తి చేసి, పాలల్ల ముంచి, నేను దాని నోట్ల పెట్టిన. మొదలు పండ్లు బిగవట్టింది. తర్వాత ఒకటే చీకుడు. నా ఏలు కూడ కలిపి చీకింది. దాని నాలిక గరుకు ఇప్పటికి నా ఏలికి తెలుస్తది.

పేరు పెడుదామంటె తాత వద్దన్నడు. “పేరు పెడితె మనదనుకుంటం. అది బీడుది. రెక్కలొస్తె పోతది,” అన్నడు. మేం “పిల్ల” అనేటోళ్లం. మగపిల్ల. కొన్నాళ్లకు అది మా ఇంట్ల చెయ్యని ఆగం లేదు. తాత అరుగు మీద పెట్టిన పొగాకు కట్ట తిని, రెండు దినాలు తూలుకుంట తిరిగింది. అవ్వ ఎండవోసిన వడియాలు తొక్కి ముద్ద చేసింది. ఒకసారి బతుకమ్మ ముందటి దినం నేను, నా దోస్తులు బీడంత తిరిగి గునుగు పూలు, తంగేడు పూలు తెచ్చి గంపల నీళ్లు చల్లి పెట్టుకున్నం. తెల్లారి చూస్తె గంపల కాడలే మిగిలినయి. అది గంప పక్కన పండుకొని, మూతికి పసుపుపచ్చ పుప్పొడి అంటుకొని, నెమరేస్తున్నది. ఏడ్చుకుంట కట్టె పట్టుకున్న. అవ్వ నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకొని కూలవడ్డది. “బతుకమ్మ దాని కడుపుల ఉన్నది పో, దాని సుట్టే ఆడున్రి,” అన్నది. నిజంగనే ఆనాడు మేమంత దాని సుట్టు చప్పట్లు కొట్టుకుంట తిరిగినం. అది నడుమ నిలవడి, ఒక్కొక్కల మొకం చూస్తుండె.

ఏడాది తిరగంగనే కొమ్ములు వచ్చినయి. తర్వాత ఒక్కొక్క సుడి తిరిగినయి. గోధుమ రంగు పోయి వీపు నల్లబడ్డది. పొద్దంత బీట్ల తిరిగి, పొద్దుగూకంగ నేను వాకిట్ల నిలవడి “దా దా దా” అంటె వచ్చేది. నా అరచేతిల రొట్టె ముక్క ఉన్నా లేకున్నా మూతి పెట్టి వాసన చూసేది. అడివి ఇర్రుల దగ్గరికి పోతె అవి తరిమేటియి. మల్ల ఇంటికే వచ్చేది.

“ఇది ఇగ పోదా తాతా?” అంటె, తాత “మన చేతి వాసన పట్టింది బిడ్డా,” అన్నడు.

ఆ ఏడే గడికి ఒక షికారి వచ్చిండు. ఎక్కడో మరాఠీ మాట్లాడే దిక్కు మనిషట. దొర పిలిపించుకున్నడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. మా వాకిట్ల నుంచి పోతుంటె పిల్ల ఆయనకు కనబడ్డది. నిలవడి చాలాసేపు చూసిండు. దాని మెడ కింద చెయ్యి పెట్టిండు. అది బెదరలే, మనుషులంటె దానికి బెదురేడిది? ఆయన మొకంల ఏదో దొరికిన సంబురం. మాతోని ఒక్క మాట మాట్లాడకుంట పోయిండు.

తెల్లారి దొర మనిషి వచ్చిండు. “మీ ఇర్రిని గడికి తోలుకరమ్మన్నడు దొర.”

బాపు రుమాలు తీసి చేతిల పట్టుకున్నడు. “బాంచెన్, అది మా బిడ్డ సాదుకున్నది. ఇంక వేరే ఏమన్న...”

“దొర అడిగిండా, చెప్పిండా?” అన్నడు ఆయన. “మాపటికి తోలుకరా.”

ఎందుకో కూడ అతనే చెప్పి పోయిండు. పెంపుడు ఇర్రి కొమ్ములకు నరాలతోని చేసిన ఉచ్చులు కట్టి మంద మీదికి వదిలిపెడుతరట. మందల ఉన్న మగది దీన్ని చూసి కొట్లాటకు వస్తదట. కొమ్ములు కొమ్ములు కలిసినంక ఉచ్చు బిగుసుకుంటది. మగదాన్ని పట్టుకుంటె లేళ్లు చెల్లాచెదురు. ఇగ వాటిని పట్టుడు అలకన. షికారుకు సర్కారు పర్వానా కావాలె అని అప్పుడు కూడ అనేటోళ్లు. పర్వానా అడగవలసినోళ్లు దౌరా మీద వస్తె దిగేది దొర గడిలనే, తినేది ఆ మాంసమే. ఎవరిని ఎవరు అడుగుతరు?

బాపు అరుగు మీద కూలవడ్డడు. అవ్వ మాత్రం చీర చెంగు నడుముకు దోపుకున్నది. “మా అవ్వగారింటికి తోలుకపోత. పోయింది, బీట్ల పడి పోయింది అని చెప్పు,” అన్నది. నేను మా అవ్వ నోటికెల్లి అబద్ధం విన్నది అదే మొదలు.

అవ్వ పుట్టిల్లు మర్కూక్ దిక్కు. దాని మెడకు పగ్గం కట్టి, కొమ్ములకు పాతచీర పేలిక సుట్టి, నేను ముందల, అవ్వ ఎనుక నడిసినం. బాటలు ఇడిసి చేను గట్ల మీదనే పోయినం. ఎండకు నా కాళ్లు బొబ్బలెక్కినయి. తొవ్వల చుట్టాలింట్ల పండుకొని మల్ల నడిసినం. అమ్మమ్మ ఇంట్ల దాన్ని పశువుల కొట్టంల కట్టేసినం. ఆ నాలుగు దినాలు నాకు పండుగే. అమ్మమ్మ తైద అంబలి కాస్తె దానికి కూడ ముంత పెట్టేది. ఇగ అది ఈడనే ఉంటదనుకున్న. నేను కూడ ఈడనే ఉంట అన్న.

అంతట్లనే మా ఊరి మనిషి ఒకాయన ఎతుక్కుంట వచ్చిండు. అంబలి తాగమంటె తాగలే. నిలవడే చెప్పిండు. బాపును గడి ముంగట ఎండల వంగబెట్టిన్రట. వీపు మీద బండ పెట్టిన్రట. పొద్దంత ఉంచి, మాపటికి వదిలిపెట్టి, తెల్లారి మల్ల పిలుస్తున్నరట. ఇర్రి వచ్చేదాక గట్లనేనట.

అవ్వ చేతిల ముంత కింద పెట్టింది. కొట్టంలకు పోయి పగ్గం ఇప్పింది.

“ఇర్రిని ఇస్తవా అవ్వా?” అన్న.

“మీ బాపును తెచ్చుకుంట,” అన్నది.

తిరిగి వచ్చేటప్పుడు మేము గట్ల మీద నడవలే. బాట మీదనే నడిసినం. అందరు చూసిన్రు. కొమ్ములకు పేలిక కూడ సుట్టలే.

గడి వాకిట్ల బాపు వంగి ఉన్నడు. మేము పోయినంక బండ దించిన్రు. నడుము లేపరాక బాపు గట్లనే వంగి, తలకాయ పక్కకు తిప్పి ఇర్రి దిక్కు చూసిండు. దొర కుర్చీల కూసొని ఉండె. తుపాకులు పేల్చే మనిషంటె నేను ఎర్రటి కండ్లు, పెద్ద మీసాలు అనుకున్న. ఆయన మా తాత లెక్క ముసలాయన. ఇర్రి కొమ్మును ఏళ్లతోని నిమిరిండు. “మంచిగ సాదినవ్ పిల్లా,” అని నన్ను మెచ్చుకున్నడు. లోపలికి చెప్పి నాకు బెల్లం ముక్క ఇప్పిచ్చిండు. షికారి పగ్గం అందుకున్నడు. ఇర్రి ఆయనెంట రెండడుగులు పోయి, నా దిక్కు తిరిగి చూసి, మల్ల పోయింది. బెల్లం నా పిడికిట్ల కరిగి ఏళ్ల సందులకెల్లి కారింది.

బాపు వీపుకు అవ్వ పసుపు నూనె రాసుకుంట ఉంటె నేను పక్కన కూసున్న. బోర్ల పండుకొని గోడ దిక్కు మొకం పెట్టి, “పీడలు పోవాలె అన్న గదనే,” అన్నడు అవ్వతోని. “గిట్ల అంటిననా నేను?”

అవ్వ నూనె రాసుడు ఆపలే.

దాని తర్వాత చలికాలం వచ్చింది. ఒకనాడు పొద్దుగాల సద్ది పట్టుకొని మంచె కాడికి పోయిన. తాత నిలవడి ఉన్నడు. బీట్ల మంద మేస్తున్నది. అటు దిక్కు పొద కాడ షికారి వంగి కూసున్నడు. మా ఇర్రి ఒక్కటే మంద దిక్కు నడుస్తున్నది. కొమ్ముల మీద ఉచ్చులు ఉన్నయి, దూరానికి తీగలు సుట్టుకున్నట్టు కనబడ్డయి.

“ఉరుకున్రి!” అని తాత మొత్తుకున్నడు. “ఉరుకున్రి, హోయ్!”

వడిసెల తిప్పి రాయి ఇడిసిండు. మంద పక్కన దుమ్ము లేసింది. ఒక లేడి తలకాయ ఎత్తి చూసి, మల్ల మేసుకుంట పోయింది. ఇంకో రాయి, ఇంకో రాయి. అవి జరుగలే. ఆ రాళ్లు తాకయని వాటికి ఎన్నేండ్లకెల్లి ఎరుక. తాత ఏడ్సుకుంట ఈసారి గురి పెట్టి కొట్టిండు. ఒక లేడి కాలుకు తాకింది. అది కుంటుకుంట ఉరికింది, దానెంట లేళ్లన్ని ఉరికినయి. కాని మందల మగది పోలే. ఎదురుంగ ఇంకో మగది నిలవడి ఉంటె అది ఎట్ల పోతది? చెవులు వాల్చి, తలకాయ వంచి, మా దాని మీదికి వచ్చింది. రెండు కొమ్ములు తాకిన సప్పుడు ఎండుకట్టెలు కొట్టుకున్నట్టు మంచె దాక ఇనబడ్డది. అంతే. ఇగ అది ఇడిపించుకోరాలే. షికారి ఉరికి వచ్చి దాని కాళ్లు మెలేసి పండబెట్టిండు.

తాత నా కండ్లు మూసిండు గని ఏళ్ల సందుల నుంచి చూసిన. ఉచ్చులు కోసినంక మా ఇర్రి లేచి, ఒళ్లు దులుపుకొని, మమ్మల్ని చూసింది. చేన్లకెల్లి నడుచుకుంట మంచె కిందికి వచ్చింది. నేను దిగిన. అలవాటు లెక్క నా అరచేతిల మూతి పెట్టింది. మెడ మీద నెత్తురు ఉండె. దానిది గాదు. సద్ది మూటల నుంచి రొట్టె తుంచి పెట్టిన, తిన్నది. షికారి ఈల వేసిండు, పోయింది.

తాత రాళ్లు విసిరిండని గడికి తెల్వంగనే మంచె పీకేయించిన్రు. ముసలోడని ఇంకేం చెయ్యలే. ఆనాటికెల్లి తాత చేను దిక్కు పోలే. వాకిట్ల కూసొని, వడిసెల తాళ్లు పేనుడు మొదలుపెట్టి, పేనింది మల్ల ఇప్పేటోడు.

ఆ చలికాలమంత మా ఇర్రి గడిల పని చేసింది. లడాయి అయిపోయినంక దొర అల్లుడు పట్నం కెల్లి మిలిటరోళ్ల జీపు ఒకటి తెచ్చిండు. బీడు చదును నేల. మగదిక్కు లేని లేళ్లు ఎటు పోవాల్నో తెల్వక ఎదురుంగనే ఉరికేటియి. జీపు వాటి పక్కనే ఉరికేది. తుపాకి పేల్చకున్నా కొన్ని గుండె పగిలి పడిపోయేటియి అని జీపుల పోయినోళ్లే చెప్పుకొని నవ్వేటోళ్లు. గడి ప్రహరీకి తోళ్లు సాగదీసి మేకులు కొట్టిన్రు. ఆ పచ్చితోళ్ల వాసన మా ఇంటిదాక వచ్చేది. ఊరోళ్లు మాత్రం తక్కువ తినలే. “దొర తింటె షికారు, మనం తింటె దొంగతనమా?” అని రేగు పొదలల్ల ఉచ్చులు పెట్టిన్రు. మా పక్కింటోళ్లు, మా పిల్లకు మేకపాలు ఇచ్చినోళ్లు, వాళ్లు కూడ పెట్టిన్రు. ఎవర్ని తిట్టాలె? ఆకలి అందరికి ఉండె.

నాకు ఓణీ వేసే ఈడు రాకముందే బీట్ల గడ్డి మోకాలు దాటి పెరిగింది. మేసేటియి లేవు.

ఒక మాపటీలి గడి పనిమనిషి వచ్చింది. చేతిల గిన్నె, మీద మోదుగాకు కప్పి ఉన్నది. గడప అవుతలనే నిలవడి, అవ్వ మొకం చూడకుంట మాట్లాడింది.

“దొర పంపిండు. మెహమాన్లు వచ్చిన్రు. ఇగ దాంతోని పని ఏమున్నది అని... మీరు సాదినోళ్లని మీకొక పాలు ఇయ్యమన్నడు.”

దొర పంపింది కాదనేది లేదు. అవ్వ రెండు చేతులతోని అందుకున్నది. గిన్నె ఇంకా వెచ్చగుండె. మసాల వాసన వచ్చింది. నిజం చెప్తె మంచి వాసన. మాకు మాంసం దొరికేది ఏడాదికి ఎప్పుడో ఒకసారి. నా నోట్ల నీళ్లూరినయి, ఆ ఎంటనే ఉరికిపోయి వాకిట్ల కక్కుకున్న.

బాపు పార భుజాన వేసుకొని గిన్నె తీసుకొని చెలకకు పోయిండు. నేను ఎంట పోయిన. బొంద తవ్వను వంగితె నడుము పట్టేసి, “అవ్వా” అని ఆగి, మల్ల తవ్విండు. ఇర్రులను పీడలన్న మనిషి, మనిషిని పాతిపెట్టినంత లోతు తవ్విండు. మట్టి కప్పినంక, కుక్కలు తోడకుంట మీద రాళ్లు పెట్టిండు.

ఆ ఏడు మా జొన్న ఒక్క కంకి పోకుంట చేతికి వచ్చింది. రాశి నా నెత్తి కంటె ఎత్తు పోసిన్రు. అంతటి రాశి మా ఇంట్ల ఎవ్వరు చూడలే. బాపు దాని పక్కన నిలవడి, “నిండ పండింది,” అన్నడు. తాతను పట్టుకొచ్చి చూపెడితె, పిడికెడు గింజలు తీసి, చూసి, మల్ల రాశిల పోసిండు. ఎండకాలం వచ్చేసరికి తాత పోయిండు. జబ్బు ఏందని అడిగితె ఏం చెప్పాల్నో మాకు తెల్వదు. ఎవరు బతికిన్రు, ఎవరు పోయిన్రు అని చూసే తీరిక కూడ ఊరికి లేకపోయె. ఆ తర్వాత కాలం అంతటిది, ఊర్లన్ని దొరల మీద తిరగబడ్డ కాలం. గడి ఇడిసిపెట్టి దొరలు పట్నం పోయిన్రు. ప్రహరీ మీద మేకులు అట్లనే తుప్పు పట్టినయి. దొర పోయిండని ఊరంత సంబురపడ్డది. నేను కూడ పడ్డ. కాని బీడు దిక్కు చూస్తె, ఆయన పోయినా అవి రాలే.

నన్ను రాయపోల్ దిక్కు ఇచ్చిన్రు. పెద్దకొడుకు చంకల ఉన్నప్పుడు ఒకసారి పుట్టింటికి నడుచుకుంట వస్తున్న. తొవ్వల ఒక బోడు గుట్ట కింద ముసలామె మేకలు మేపుతున్నది. ఆ మేకల నడుమ ఒకటి ఎత్తు కాళ్లది కనబడ్డది. మొదలు మేకనే అనుకున్న. తలకాయ ఎత్తంగనే నా కాళ్లు ఆగిపోయినయి.

“లేడి గదా అవ్వా ఇది?” అన్న.

“అవునట బిడ్డా. ఎక్కడికెల్లి వచ్చిందో. తోడు లేక మేకలల్ల కలిసింది. పొద్దంత వీటెంటే తిరుగుతది, మాపటికి దొడ్డికి రమ్మంటె రాదు. గాడ గుట్ట కాడ ఒక్కతే నిలవడుతది.”

కొడుకును చంక మార్చుకొని మెల్లగ దగ్గరికి నడిసిన. “దా దా దా” అన్న. మూతి ముందరికి పెట్టి గాలి వాసన చూసింది. చెవులు నిక్కినయి. మల్ల ఒక్క ఊపున ఆకాశానికి ఎగిరింది. నాలుగు కాళ్లు ముడుచుకొని, మనిషి నిలువెత్తు.

ఇర్రుల మందల బెదురు తగిలితె గట్లనే. మొదలు ఒక్కటి ఎగురుతది. దాన్ని చూసి పక్కది, దాన్ని చూసి ఇంకోటి, అట్ల మంద మందంత ఒకదానెంట ఒకటి గాల్లకు లేస్తది. మనిషి వచ్చిండు, ఉరుకున్రి అని చెప్పుకునుడు అది. చిన్నప్పుడు మంచె మీదికెల్లి చూస్తె బీడు మీద అల లేసినట్టు ఉండేది.

అది మల్ల ఎగిరింది. ఎగిరి, దిగి, ఎనుకకు తిరిగి చూసింది. మేకలు తలకాయలు వంచుకొని మేస్తున్నయి. మల్ల ఎగిరింది.

“దానికి పిచ్చి బిడ్డా,” అన్నది ముసలామె. “ఊకెనే గట్ల ఎగురుతది.”

నా కొడుకు దాన్ని చూసి చప్పట్లు కొట్టుకుంట నవ్విండు. వాడు చూసింది అదొక్కటే. వాని తర్వాత పుట్టినోళ్లు అది కూడ చూడలే.

మల్ల ఏడు అదే తొవ్వల వచ్చిన. గుట్ట కింద ముసలామె కూసొని ఉన్నది. నన్ను గుర్తుపట్టి ఏదో చెప్పను నోరు తెరిచింది. నేను ఆగలే. గుట్ట దిక్కు ఒక్కసారి చూసి నడిసిన.

మేకలే ఉన్నయి.